ఊదే నోట్లో తెల్లపూత

2023 వేసవి. తిరుపతికి దగ్గర్లో ఒక దంత వైద్య కళాశాలలో నోటి జబ్బుల విభాగం చూసేవాడిని. పక్కనున్న ఫార్మసీ కాలేజీ వాళ్లు లవంగ నూనె, వాము నూనె కలిపి ఒక జెల్ తయారు చేశారు. నోట్లో ఫంగస్ పట్టినవాళ్లకు, అనుమతులన్నీ తీసుకుని, వాళ్లు ఒప్పుకుంటేనే దాన్ని వాడి చూస్తున్నాం. ఇలాంటి నూనెల్ని ఎసెన్షియల్ ఆయిల్స్ అంటాం. మొగ్గలోని, గింజలోని ఘాటంతా వాటిలోనే ఉంటుంది. నేరుగా రాస్తే నోరు కాలుతుంది. జెల్‌లో అతి కొద్దిగా కలిపితే లోపలి చర్మానికి అంటుకుని నిదానంగా పనిచేస్తుంది. అలవాటుగా ఇచ్చే మందుకు అది సాటి వస్తుందా అన్నది అప్పటికింకా తేలలేదు.

ఆ రోజుల్లోనే నగరి నుంచి కుమారి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. నాదస్వరం వాయిస్తుంది. డోలు వాయించే భర్త మునిరత్నం వెంట ఉన్నాడు. ఆమె నాలుక మీద, అంగిట్లో పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత. గాజుగుడ్డతో తుడిస్తే ఊడి వచ్చింది, కింద ఎర్రగా ఉంది. ఓరల్ క్యాండిడియాసిస్, అంటే నోటి ఫంగస్. పసిపిల్లల్లో, ముసలివాళ్లలో మామూలే. ఈ వయసులో వచ్చిందంటే వెనక ఏదో ఉండాలి.

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

ఆమె కంటే ముందు మునిరత్నమే అందుకున్నాడు. "దీనికి మందులెందుకు సార్? గుండ్రాయి మాదిరి ఉండాది. మూడు గంటలు ఊదమన్నా ఊదతాది. మీరు ఊది సూడండి, అర్ధ గంటకే పడిపోతారు."

కుమారి నవ్వి, లేదన్నట్టు తలూపింది.

జెల్ ఇచ్చాం. పూత పోయింది. పెళ్లి ముహూర్తాలు మొదలవగానే పూత మళ్లీ వచ్చింది. నాకు మనసు కుదురు తప్పింది. నోటి ఫంగస్ తిరగబెడితే ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోయిందేమోనని చూడాలి. చక్కెర పరీక్ష రాశాను. హెచ్‌ఐవీ పరీక్ష కూడా అవసరమన్నప్పుడు మునిరత్నం ముఖం మాడిపోయింది.

"మా ఇంట్లో అట్లాంటివి లేవు సార్."

"రాయండి సార్" అంది కుమారి.

ఫలితాలు వచ్చేదాకా ఆ ఇద్దరూ వరండాలో ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషికి చోటు వదిలి కూర్చున్నారు. అన్నీ బాగానే వచ్చాయి. వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం భయం పెరిగింది. ఏదో నా కళ్లముందే ఉంది, నేను చూడలేకపోతున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు పూతతోపాటు కింది పెదవి బొబ్బలెక్కి ఉంది.

"జెల్ అంటే లవంగ నూనెకు జిగురు కలిపిందే కదా సార్" అన్నాడు మునిరత్నం తల వంచుకుని. "అసలు నూనే పూస్తే బిరీన పోతాదని అంగట్లో తెచ్చి పూసినాను. వచ్చే శుక్రవారం దేవళంలో దీనికి సెలక్షన్. పర్మనెంటు ఉద్యోగం సార్. ఎన్నేండ్లని కల్యాణ మండపాల చుట్టూ తిరిగేది?"

నాదస్వరంలో పెట్టే రెల్లు పీకను పెదవులతోనే బిగించి పట్టాలి. పుండు పడ్డ పెదవి ఆ ఒత్తిడికి ఆగదు. సెలైన్‌తో కడుగుతూ, శుక్రవారానికి మానుతుందో లేదో చెప్పలేనన్నాను. బండి ఎండలో ఉందని గొణిగి అతను బయటికి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే కుమారి దగ్గింది. దగ్గు చివర సన్నటి పిల్లికూత.

"ఆయాసం ఎప్పట్నుంచి?"

"పెండ్లికి ముందు నుంచే సార్." కొంగు చాటు నుంచి ఇన్‌హేలర్ తీసి చూపించింది. స్టెరాయిడ్ ఉన్న రకం. పీల్చాక నోరు పుక్కిలించకపోతే మందు అక్కడే నిలిచి ఫంగస్‌కు దారిస్తుంది.

"మందులు వాడుతున్నావా అని వచ్చినప్పుడల్లా అడుగుతున్నాను కదమ్మా."

"ఆయన పక్కనే ఉండె కదా సార్. ఆయాసం ఉండేదాన్ని మేళానికి ఎవురు పిలుస్తారు? మండపం బాత్రూంలోకి పోయి పీల్చుకోని, వస్తానే ఊదుతాను. పాత డబ్బా సూపించి మందుల షాపులో కొంటాను. నోరు కడగాలని ఎవురూ చెప్పలా."

ఛాతీ డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశాను. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం చూపించాను. దాంతో మందు నోట్లో తక్కువ పడుతుంది. పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మమన్నాను, ఫంగస్ అంటి ఉంటుంది కాబట్టి పాత పీకలు పారేయమన్నాను. పుండు మీద ఘాటు పడకూడదు కాబట్టి జెల్ ఆపి, మామూలు ఫంగస్ మందే ఇచ్చాను.

"మునిరత్నానికి నేను చెప్పనా?"

"వద్దు సార్. చెప్పాల్సొస్తే నేనే చెప్తాను."

శుక్రవారం రోగుల్ని చూస్తున్నానన్న మాటే కానీ ధ్యాసంతా ఫోన్ మీదే. సాయంత్రం మునిరత్నం చేశాడు.

"సార్, ఊదేముందు అందరి ముందరే ఏదో గొట్టం పెట్టుకోని పీల్చింది. నోరు పుక్కిలించి వచ్చి కూర్చునింది. ఏందమ్మా అది అని ఒకాయన అడిగినాడు. ఉబ్బసం, మందు పీల్చినాను అనింది. ఆ తర్వాత ఊదింది."

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు సార్. ఇన్నేండ్లుగా పక్కన కూర్చోని డోలు కొడతా ఉండాను. తాళం రవ్వంత జారినా పట్టుకుంటాను. ఆ ఆయాసం నాకు ఇనబడలేదే సార్."

నేను మాత్రం విన్నానా?

జెల్ మంచిదా కాదా అన్నదానికి ఈ కేసు జవాబు చెప్పదు. అది చేయగలిగింది అది చేసింది. నేను అడగాల్సిన ప్రశ్నే అడిగాను కానీ, జవాబు చెప్పడానికి వీలున్న చోట అడగలేదు. ఇప్పుడు నోరు చూడటం అయ్యాక వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. చాలామందికి అప్పుడు కూడా చెప్పేదేమీ ఉండదు. కొందరు మాత్రం కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటారు.