రెండో డబ్బా

మా వీరరాఘవరావు బాబాయి పక్కన మరొకటి పెట్టి పోల్చనిదే దేన్నీ నమ్మడు. గల్ఫ్‌లోని రువైస్ రిఫైనరీ ప్రయోగశాలలో చమురు నమూనాలను పరీక్షించడం ఆయన ఉద్యోగం. అది సాయంత్రానికి ముగుస్తుందన్న సంగతి ఆయనకెవరూ తెలియజేయలేదు.

పులుసు బాగుందా అని కాత్యాయని పిన్ని అడిగితే "రెండోది ఏది?" అంటాడు. అందుచేత ఆ ఇంట్లో ఇంగువ వేసిన పులుసూ, వేయని పులుసూ వేర్వేరు గిన్నెల్లో వస్తాయి. ఏది ఏదో చెప్పకూడదు. న్యాయశాస్త్రం చదివి అబూదబీలో ఉద్యోగంలో చేరిన నేను, ఒక వారాంతం వాళ్లింటికి వెళ్లి, నా పెళ్లి కుదిరిందని చెప్పినప్పుడు కూడా ఆయన గంభీరంగా ఆ ప్రశ్నే వేశాడు.

2023 చలికాలంలో పక్కింటి ఏసురాజు వచ్చాడు. కంపెనీ బస్సు డ్రైవరు, ఏళ్లనాటి ఛాతీనొప్పి. భార్య రూబీ నర్సు. నర్సు మాట సొంత ఇంట్లో చెల్లదని ఆమె అప్పటికే గ్రహించింది. దుబాయ్‌లో కొన్న చైనా మూలికల పొడి డబ్బాను ఏసురాజు బల్లమీద పెట్టాడు.

"ఆసుపత్రి మాత్రలు ఖలాస్ సార్. మానేశాను. ఇక ఇదే."

"రెండోది ఏది?" అన్నాడు బాబాయి.

పరీక్ష ఏర్పాటైంది. ఎర్రమూత, పచ్చమూత డబ్బాలు రెండు. ఒకదానిలో చైనా పొడి, ఇంకొకదానిలో అంతే చేదుగా ఉండే ఎండు కాకరకాయ పొడి. ఏది ఏదో పిన్నికే తెలుసట. నెల ఇది, నెల అది. అయితే ఆసుపత్రి మాత్రలు రోజూ బాబాయి ఎదుటే మింగాలి, సాయంత్రం ఆయనతో నడవాలి, సిగరెట్టు ముట్టరాదు. ఈ మూడూ స్థిరంగా ఉంటే తప్ప పొడి సంగతి తేలదట. భార్య కన్నీళ్లకు లొంగని ఏసురాజు శాస్త్రానికి వెంటనే లొంగాడు.

మనిషిపై ప్రయోగానికి అనుమతులు, పర్యవేక్షణ, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండితీరాలని నేను సుదీర్ఘంగా వాదించాను. బాబాయి సాంతం విన్నాడు.

"వాదన బాగుందమ్మాయ్. రెండోది ఏది?"

రెండు నెలల తర్వాత నేను మళ్లీ వెళ్లేసరికి ఏసురాజు మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మానేశాడు.

"రెండిట్లోనూ బాగానే ఉంది సార్. ఇంతకీ చైనాది ఏదండీ?"

"చెబితే పరీక్ష పాడవుతుంది. యల్లా, పద, నడక వేళయింది," అన్నాడు బాబాయి.

వాళ్లు వెళ్లగానే పిన్నిని నిలదీశాను. ఆమె అలమర పైకి చూపించింది. అక్కడ చైనా డబ్బా, సీలైనా తీయకుండా ఉంది.

"రెండూ కాకరకాయేనే. మీ బాబాయికీ తెలుసు. ఏసురాజు గుండె మాత్రలతో ఆ పొడి పడకపోవచ్చని డాక్టరు రూబీతో అన్నాడట."

నడక ముగించుకుని వచ్చిన బాబాయికి, పోలికే లేనప్పుడు అది పరీక్ష కాదనీ, స్పష్టమైన మోసమనీ తెలియజేశాను. ఆయన సిగ్గుపడడం నేను చూడడం అదే మొదలు.

"నిజమే. పరీక్షగా అది దండగ," అన్నాడు. "కానీ ఏసురాజు ఒక్కడే కదమ్మాయ్. వాడికేమన్నా అయితే రెండోవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను?"

మరునాడు ఏసురాజు ఇంకో డబ్బా కోసం వచ్చాడు. ఏ మూతది కావాలని పిన్ని అడిగింది. వంటింట్లో కాకరకాయలు తరుగుతున్న నేను తలెత్తలేదు.