తూము తాత చెప్పిన మాట, నేను చెప్పని మాట

తూము తాత పోయాడని నాకు శనివారం మధ్యాహ్నం తెలిసింది. ఇపో పట్నంలో నేను పనిచేసే కొట్టుకి కొబ్బరికాయలు తెచ్చిన లారీ డ్రైవరు, పైన కట్టిన గోనెపట్టా విప్పుతూ, "సుంగై సుమున్ వైపు మీరు మునుపు పనిచేసిన తోటలో తూము కాసే ముసలాయన పోయినాడండి. మీకు తెలిసినోడే కదా" అన్నాడు. అప్పటికే మూడు రోజులైందట. దగ్గు, జ్వరం. దహనం కూడా అయిపోయింది.

ఆయన మంచివాడని రాసి ఊరుకుంటే ఈ రాత ఇంత కష్టం కాదు. ఆయన పట్ల నేనొక తప్పు చేశాను. ఆయనకది తెలుసు. ఎవరికీ చెప్పకుండా పోయాడు. కనక నేనే చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. విశాఖపట్నానికి ఉత్తరాన సముద్రం ఒడ్డు పల్లె నించి, భార్యతో, చంటికూతురితో కూలికి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాడు. భార్య వచ్చిన రెండో ఏడే పోయింది. నేను ఆ తోట ఆఫీసులో గుమస్తాగా చేరేనాటికి ఆయన తల నెరిసిపోయింది. తోటలో అందరికీ ఆయన తూము తాతే.

ఆ తోట సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడు పోటు వచ్చినప్పుడల్లా మునిగే బురదనేల అది. దానికి గట్టు కట్టి, కాలవలు తవ్వి, నీరు దించేసి కొబ్బరి వేశారు. గట్టులో ఒకచోట చెక్క తలుపుతో తూము. సముద్రం వెనక్కి తీసినప్పుడు తలుపెత్తి లోపలి వాననీరు వదలాలి. పోటు తిరిగేలోపు తలుపు దించాలి. గడియారం లేకుండా ఆ పని చేసేవాడాయన. కాలవ నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉప్పెంతో చెప్పేవాడు. పీతలు బొరియలు ఎంత ఎత్తున తవ్వుతున్నాయో చూసి, రాబోయే అమావాస్య పోటు గట్టు మీద ఎక్కడిదాకా వస్తుందో చేత్తో చూపించేవాడు.

ఒకరోజు నన్ను ఒక కొబ్బరిచెట్టు మొదట్లోకి తీసుకెళ్ళాడు. వేళ్ళు నేలకి జానెడు పైకి తేలి ఉన్నాయి.

"సెట్టు పైకి లేసిందనుకుంటన్నావా బాబూ? నేల కిందకి దిగినాది. నీళ్ళు తీసీసిన బురద ఎండిపోయి కుంగతాది. మనం దిగిపోతన్నాం. సంద్రం మాత్రం ఉన్నకాడే ఉన్నాది."

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదు.

గట్టుకి సముద్రం వైపున మడ అడవి ఉండేది. ఇక్కడివాళ్ళు బకావు అంటారు. బురదలో కాళ్ళు పాతుకుని నిలబడ్డట్టు వంకర వేళ్ళతో, దట్టంగా. పెద్ద అలలు కూడా ఆ వేళ్ళలోకి వచ్చేసరికి బలం పోయి గట్టుని మెల్లగా తాకేవి. "గట్టు మనం కట్టినాం. గట్టుని కాసీది మడ" అనేవాడు తాత.

నా తప్పు జరిగిన ఏడాది వానలు ఆగలేదు. ఎండే లేక కొబ్బరి ముక్కలకి బూజు పడుతోంది. వాటిని ఎత్తు స్తంభాల మీద కట్టిన పొగకొట్టులో ఎండబెట్టాలంటే కట్టెలు కావాలి. మడకట్టె నిప్పు గట్టిది, దగ్గర్లోనే ఉంది. పైగా ఆ చెట్లలోనే దోమలు పుడుతున్నాయని తోట నడిపే ఇంగ్లీషు దొర నమ్మకం. ఒక ఉదయం నన్ను వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చి, తూముకి రెండు పక్కలా మడంతా కొట్టించమన్నాడు. తాతకి ఇంగ్లీషు రాదు, దొరకి తెలుగు రాదు. మధ్యలో నేను.

తాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు.

"మా ఊరికాడ ఇలగే సేసినారని సెప్పు బాబూ. ఉప్పుటేటి పక్కన మడంతా కొట్టీసినారు. మరసటి తుపానుకి ఏరు ఊరు మీదకొచ్చినాది. మా అమ్మా నాన్నా అందులోనే పోనారు. ఇక్కడ మడ తీసీస్తే ఈ గట్టు రెండు వానకాలాలు ఆగదు. గట్టు ఎనకాలే కూలోళ్ళ లైనిళ్ళు. పిల్లలున్నారు. కట్టెలకి ఏరే దారి నాను సూపిస్తానని సెప్పు. అంతా సెప్పు."

అంతకుముందు గుమస్తాని, ఎదురు మాట్లాడాడని, ఆ దొరే పంపేశాడు. నాకు పెళ్ళై ఏడాది కాలేదు, ఇంట్లో ఆవిడకి నెల తప్పింది. నేను దొర వైపు తిరిగి, "బురదలో పని కష్టం అంటున్నాడు. ఆటు ఉన్నంతసేపే కొట్టగలరట" అన్నాను.

దొర సరేనన్నాడు.

"ఏటన్నాడు?" అని అడిగాడు తాత.

"ఆలోచిస్తానన్నాడు తాతా."

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే గొడ్డళ్ళు దిగాయి. నెల తిరిగేసరికి గట్టు ముందు మొద్దులు తప్ప ఏమీ లేవు. మొద్దుల మధ్య గుంటల్లో ఎండ పడే ఉప్పునీళ్ళు నిలిచాయి. దోమలు తగ్గకపోగా లైన్లలో జ్వరాలు పెరిగాయి. ప్రతి పోటుకీ అలలు నేరుగా గట్టుని కొట్టేవి. తాత రోజూ తట్టలతో మట్టి మోసి, కరిగినచోటల్లా పోసేవాడు. నేను ఆఫీసు కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒక్కరోజు వెళ్ళి తట్ట పట్టుకున్నది లేదు.

మరుసటి వానకాలం, ఒక అమావాస్యకి, రెండు రోజులు ఆగని వాన పట్టింది. కాలవలు నిండిపోయాయి. సముద్రం సరిగా వెనక్కి తీయనే లేదు, తూమెత్తడానికి వీల్లేకపోయింది. అవతల సుమాత్రా వైపు నించి గాలి మొదలైంది. తెల్లారుతుండగా తాత మా తలుపు తట్టాడు. మోకాళ్ళదాకా బురద.

"గట్టు ఇటుపక్క సెమరుస్తన్నాది బాబూ. పోటు ఇంకా గంటసేపు ఎక్కాలి. గంట కొట్టించి జనాన్ని పొగకొట్టు మీదకి ఎక్కించు."

వేళ కాని వేళ గంట కొట్టాలంటే దొర హుకుం ఉండాలి. దొర బంగళా రెండు మైళ్ళు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. లోపల నెలల పాప ఏడుస్తోంది.

తాత గొంతు పెంచలేదు. "ఈసారైనా నా మాట పూర్తిగా సెప్పు" అన్నాడు.

నేను పరిగెత్తి గంట కొట్టాను. తెలుగులో అరిచాను, తమిళంలో అరిచాను. కొందరు తిట్టారు, కొందరు బట్టలు మూట కట్టుకుంటూ కూచున్నారు. తాత కూతురు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని రెక్కపట్టి బయటికి లాగింది. ఒక ముసలమ్మ మంచం దిగనంటే తాత మంచంతో సహా ఎత్తించాడు. చివరివాళ్ళు పొగకొట్టు నిచ్చెన మీద ఉండగా దూరంగా బండలు దొర్లినట్టు చప్పుడైంది. మడ కొట్టేసినచోట గట్టు తెగింది. నీళ్ళు నల్లగా, పొట్టి గోడలా, చెట్ల మధ్యనించి వచ్చాయి. మా లైను గోడలు ఒక్కొక్కటీ కూలడం పైనించి చూశాం. పిల్లల్ని మళ్ళీ మళ్ళీ పేరుపేరునా పిలిచి చూసుకున్నాం. అందరూ ఉన్నారు.

లోపలి నీరు తీసేదాకా తాత ఆగలేదు. సముద్రం వెనక్కి తిరగ్గానే నడుం లోతు నీళ్ళలో వెళ్ళి తూమెత్తాడు. ఉప్పు ఎంత త్వరగా బయటికి పోతే అన్ని చెట్లు బతుకుతాయని. అయినా ఆ వైపు కొబ్బరి బతకలేదు. ఆకులు పసుపెక్కి, తలలు వాలిపోయాయి. బావుల్లో నీళ్ళు ఏడాదిపాటు ఎవరూ నోట పెట్టుకోలేకపోయారట.

గంట ఎవరు కొట్టమన్నారని దొర అడిగాడు. అంతా చెప్పాను. కిందటేడు గట్టు మీద తాత అన్నదీ, నేను చెప్పినదీ. దొర బల్ల వైపు చూస్తూ, "ఆరోజు నువ్వు చెప్పినా నేను వినేవాణ్ణో లేదో" అన్నాడు. నెలాఖరుకి నన్ను పంపేశాడు. అలా ఇపో చేరాను.

వెళ్ళే ముందు తాత దగ్గరికి వెళ్ళి, "నీకెప్పుడు తెలిసింది తాతా?" అని అడిగాను.

"ఆ దినమే. నాను అంత పొడుగు సెప్పినాను. నువ్వు రెండు ముక్కల్లో ముగించినావు." తనే మళ్ళీ, "నీ పెళ్ళాం కడుపుతో ఉన్నాది కదేటి. బయిమేసుంటాది" అన్నాడు.

ఆ మాటతో నన్ను వదిలేశాడు. నేను నన్ను వదల్లేదు.

తెగినచోట కొత్త గట్టుని దొర కొంచెం వెనక్కి కట్టించాడు. దాని ముందు మిగిలిన పాత నేలని ఎవరూ పట్టించుకోలేదు. ఆటు వేళల్లో తాత అక్కడికి దిగి, దూరాన మిగిలిన మడచెట్ల నించి, మునక్కాయల్లా వేలాడే మొలకలు ఏరి తెచ్చి బురదలో గుచ్చేవాడట. సగం కొట్టుకుపోతే మళ్ళీ గుచ్చేవాడట. ఇదంతా ఆయన కూతురు చెప్పింది, ఆదివారం నేను వెళ్ళినప్పుడు.

ఆమెతో గట్టు మీదికి నడిచాను. తూము తలుపు దించే వేళైంది. ఆమె కొంగు బిగించి గొలుసు వదిలింది. ఎదురుగా భుజం ఎత్తు మడ, లేత ఆకులతో, కంటికి ఆనినంత మేర. పోటు తిరిగింది. దూరాన తెల్లగా విరుగుతూ వచ్చిన నీళ్ళు ఆ మొక్కల్లోకి దూరాయి. నురగ పోయింది, చప్పుడు పోయింది. చాలాసేపటికి, పలచటి నీటిపొర ఒకటి మా కాళ్ళ కింద గట్టు అంచుకి వచ్చి, గడ్డిపరకని కూడా కదిలించకుండా, మెల్లగా పైకెక్కడం మొదలుపెట్టింది.