వార్చిన నీళ్లు

ఆ ఏడు కరోనా కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆలుగడ్డ. సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. లింబాయత్‌లో మా గల్లీకి దాతలు తెచ్చి పంచేది ఎక్కువగా అదే. మా ఆయన రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. ఆలుగడ్డ, టమాట, చింతపండు ఆయనకు విషంతో సమానం. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

అందుకని ఆలుగడ్డను సన్నగా తరిగి, గిన్నెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసేదాన్ని. మిగిలేది చప్పటి పిప్పి. ఆయన దాన్ని నములుతూ, జబ్బు నేనే తెచ్చిపెట్టినట్టు నావైపు చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. నేను మాత్రం విందులు చేసుకుంటున్నానా? నేనూ అదే తినేదాన్ని.

లాక్‌డౌన్‌కు ముందు కొడుకును చూసిపోదామని ఊరి నుంచి వచ్చిన మా అత్త ఇక్కడే చిక్కుకుపోయింది. పప్పు ఉడికిన నీళ్లైనా, కూర ఉడికిన నీళ్లైనా ఆమె ఏనాడూ పారబోసి ఎరగదు. వాటితోనే చారు కాచేది.

"సారమంత మోరీల పోస్తున్నవ్ బిడ్డా. వానికి బలమెట్లొస్తది?" అనేది.

"ఆ సారమే చంపుతదత్తా" అని ఎన్నిసార్లు చెప్పానో.

ఒక వారం డయాలసిస్ సెంటర్లో ఎవరికో కరోనా వచ్చి మూసేశారు. ఆయన వంతు వెనక్కి పోయింది. నేను రేషన్ వరుసలో నిలబడి ఉండగా, పారబొయ్యమని చెప్పి వెళ్లిన ఆలుగడ్డ నీళ్లలో అత్త చింతపండు పిసికి, పోపు పెట్టి చారు కాచింది. నేను వచ్చేసరికి ఆయన గిన్నె ఎత్తి అడుగు దాకా తాగేస్తున్నాడు.

సాయంత్రానికి ఆయన కాళ్లు కదలలేదు. ఆటోలు లేవు. పాల టెంపో అతణ్ణి బతిమాలి పెద్దాసుపత్రికి చేర్చాం. అక్కడ అప్పటికప్పుడు డయాలసిస్ చేస్తే బతికాడు. అత్తను నానా మాటలూ అన్నాను. ఇప్పటికీ వాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోను.

ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ ఆ పిప్పే పెట్టాను. ఆయన ఒక ముద్ద మింగి, గోడకానుకుని కూర్చున్న తల్లివైపు చూశాడు.

"అవ్వా, ఆ దినం చారు మంచిగుండె" అన్నాడు.

నా చేతి వంట తిని బతికిన మనిషి, నాతో ఆ మాట ఒక్కనాడూ అనలేదు. అత్త కొంగుతో కళ్లొత్తుకుంది. నేను లేచి, పొయ్యి పక్కన వార్చి పెట్టిన గిన్నె ఎత్తి, ఆ నీళ్లు మోరీలో పోసి వచ్చాను.