ఫ్రెంచి ఆవు, పుంగనూరు మామ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. మదనపల్లెలో డిగ్రీ ముగించి, బెంగళూరులో ఒక సంపన్న కుటుంబం నడిపే చిన్న మ్యూజియంలో తాత్కాలిక గైడుగా చేరాను. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రాల గది నాకు అప్పగించారు. ఫ్రాన్సు ఏ దిక్కున ఉందో సరిగా తెలియకపోయినా, ప్రతి చిత్రం ముందూ చేయి గాలిలో తిప్పి, "ఆ వెలుగు చూడండి" అనేవాణ్ణి. (ఏ చిత్రానికైనా ఆ మాట సరిపోతుంది. కావాలంటే ప్రయత్నించి చూడండి.)

నా ఉద్యోగం ఖాయం చేయవచ్చో లేదో చూడడానికి క్యూరేటరుగారు సందర్శకులతో కలిసి నా వెంట నడిచిన రోజునే మా మేనమామ దిగాడు. పుంగనూరులో పొట్టి ఆవులు పెంచి, ఆ పాలమ్మి నన్ను చదివించినవాడు. ముందుగా కబురైనా పెట్టకుండా కుప్పంలో రైలెక్కి వచ్చేశాడు. వెనక నిలబడమని కళ్ళతోనే సైగ చేశాను. గదిలో అన్నిటికన్నా పెద్ద చిత్రంలో, సాయంత్రపు వాగు ఒడ్డున ఒక ఎర్రావు నిలబడి ఉంటుంది. "ఇందులో చిత్రకారుడు పల్లె ప్రశాంతతను..." అని మొదలుపెట్టాను.

"ప్రశాంతం యాడిదప్పా? అది సూడావు. నేడో రేపో ఈనేట్టుండాది. తోక మొదట్లో గుంట పడింది సూడు" అన్నాడు మామ వెనక నుంచి.

అందరూ నవ్వారు. క్యూరేటరుగారికి సరదా పుట్టింది. "అయితే ఈ ఆవుకి ఎంతిస్తావు పెద్దాయనా?" అని అడిగారు. మా వైపు పశువుల సంతలో బేరం పైకి చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. అడిగినాయన నిజంగానే అడిగాడనుకుని మామ తన భుజం మీది తువ్వాలు ఆయన చేతి మీద కప్పి, వేళ్ళు పట్టుకుని నొక్కసాగాడు. ఆయన బిత్తరపోయి నావైపు తిరిగారు.

"ఎవరయ్యా ఈయన? మీవాళ్ళా?"

"కాదు సార్. ఎవరో."

మామ తువ్వాలు మెల్లగా తీశాడు. నన్ను చూడకుండా, "కాదు సామీ. ఈ అబ్బోడెవురో నాకూ తెలీదు. బాగా సెప్తాండాడని నిలబడితి" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను వెంట వెళ్ళలేదు. పక్క చిత్రం దగ్గరికి నడిచి, వెలుగు చూపించాను.

ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఆ ఆవు చూడిదని నేనే కనిపెట్టినట్టు సందర్శకులకు చెప్పాను. మెచ్చుకోని వాళ్ళు లేరు. మెచ్చుకున్న ప్రతిసారీ నామీద నాకే అసహ్యం వేసేది. క్షమాపణ అడగడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

పుంగనూరు వెళ్ళేసరికి మామ దూడకు గడ్డి వేస్తున్నాడు. "మామా, ఆ పొద్దు నేను..." అన్నాను. మాట పూర్తి కానివ్వలేదు.

"దాన్ని యాల ఎత్తుతావు అబ్బోడా? ఆ పొద్దు నాకూ నామోషీనే. సూడావును కనుక్కోలేనోడు నా మేనల్లుడని ఆయప్పకు యాడ తెలిసిపోతాదోనని, నేనే బయటపడి వచ్చేస్తి" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మదనపల్లె బస్సులో సగం దూరం వచ్చాక తెలిసింది, నా కోసం ఆయన రెండోసారి అబద్ధం చెప్పాడని. మళ్ళీ వెళ్ళి ఆ మాట అడిగే ధైర్యం పుట్టేలోగా మామ పోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నిటారుగా నిలబడి "ఎవరో" అన్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే ఆ నవ్వు ఎప్పుడూ చివరిదాకా రాదు.