స్టేజీ ముందర తొడ చప్పుడు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. మైకులో అన్నాను. నోరు జారి అన్నది కాదు, ఎవరూ నా చేత అనిపించలేదు. అసలు సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. కాపురం కల్లూరులో. గొంతు బాగుంటుందని, మాటకు తడుముకోనని టోర్నమెంట్లలో నన్ను మైకు దగ్గర కూర్చోబెట్టేవారు. మా వైపు మైకు మనిషి ఆట చెబితే సరిపోదు. షామియానా వేయించినవారికి, మజ్జిగ పోయించినవారికి, ట్యాంకరు తెచ్చి గ్రౌండు తడిపించినవారికి దండాలు చెప్పాలి. స్టేజీ మీదికి పెద్దమనిషి ఎవరైనా ఎక్కితే, బంతి గోలు ముందున్నా సరే, ఆట వదిలేసి ఆయనకు స్వాగతం పలకాలి. ఎండకు జనం లేచి పోకుండా ఒక పక్కవాళ్లను ఇంకో పక్కవాళ్ల మీదికి కొంచెం ఎగదోస్తూ ఉండాలి. అలా ఎగదోసేవాడికే గిరాకీ. నాకు గిరాకీ ఉండేది.

ఆ ఫుట్‌బాల్ టోర్నమెంటు ఒక నాయకుడు తన తండ్రి పేరు మీద పెట్టించింది. ఫైనల్లో ఒక జట్టు ఆయన మనుషులది. వాళ్ల చొక్కాల వీపు మీద ఆయన ఫోటో ఉంది. రెండో జట్టు కడప నుంచి వచ్చింది. వాళ్ల చొక్కాల మీద అంకెలు తప్ప ఏమీ లేవు.

ఆ పొద్దున గ్రౌండు బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి దగ్గర కడప జట్టువాళ్లు ఇద్దరు నా పక్కన నిలబడి తింటున్నారు. ఒకడు ముందు ఆడేవాడు, వెల్డింగు పని చేస్తాడు, సన్నగా ఉంటాడు. రెండోవాడు వాళ్ల గోల్‌కీపర్, అతని అక్క మొగుడు. సెమీఫైనల్లో గోలు కొట్టాక ఆ సన్నపాటి మనిషి తొడగొట్టడం చూశాను. అదేమిటని అడిగాను. జవాబు బావ చెప్పాడు.

"వీని తొడలు సూడండి సార్. కోడికాలుకు దీనికంటే ఎక్కువ కండ ఉంటాది. వీళ్ల అక్కతో నా పెండ్లయిన కాడ్నించి ఇదే మాట అంటాండా. అందుకని గోలు కొట్టినప్పుడంతా నా పక్క తిరిగి తొడగొడతాడు, సూడు బావా అని."

"నువ్వు ఆపిన గోల్స్ కంటే ఈ కోడికాలు కొట్టినవే శానా ఉండాయిలే," అన్నాడు బామ్మర్ది, నోట్లో బజ్జీతోనే.

నేను పొలమారేంత నవ్వాను. బామ్మర్ది ఆ నెలలోనే కువైట్‌కు పోవాలట. బంధువు ఒకాయన వీసా పంపాడు. పోలీసుల నుంచి ఏ కేసూ లేదన్న కాగితం రావడమే మిగిలింది. అది వస్తే విమానమే. కాబట్టి బావతో కలిసి ఆడే ఆఖరి ఆట ఇదేనని చెప్పాడు. నేను ఆల్ ది బెస్ట్ చెప్పి, అతని భుజం తట్టి లోపలికి వెళ్లాను.

మా వైపు తొడగొట్టడం అంటే ఏమిటో బయటివారికి చెప్పాలి. ఇక్కడ అది కాలికి సంబంధించిన పని కాదు. సభలో నాయకుడు మైకు ముందు తొడగొడితే మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. అవతలి నాయకుడు తన ఊళ్లో తిరిగి తొడగొట్టాలి, లేకపోతే ఆయన మనుషులు తలెత్తుకు తిరగలేరు. ఆ చప్పుడు వెనక పాత పగలున్నాయి, పోయిన మనుషులున్నారు. నా చిన్నప్పుడు ఇంట్లో ఆటకు తొడగొడితే మా నాయన చెంప మీద కొట్టాడు. కాబట్టి నాకు తెలియదని చెప్పే అవకాశం అటు వైపు నుంచి కూడా లేదు.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లకూ గోలు లేదు. జనం ఎండకు వాడిపోయి, తలల మీద తువ్వాళ్లు వేసుకుని మాట్లాడకుండా కూర్చున్నారు. అప్పుడు కడప అతను గోలు కొట్టాడు. మంచి గోలు. అవతలి చివర ఉన్న బావ వైపు పరుగెత్తాడు. ఆ దారిలో, గ్రౌండు మధ్యలో గీత పక్కనే స్టేజీ, స్టేజీ పక్కన నా బల్ల. సరిగ్గా అక్కడికి వచ్చి ఆగాడు. స్టేజీ అతని పక్కకుంది. మొహం బావ వైపే ఉంది. తొడగొట్టాడు. దూరంగా బావ కూడా గ్లౌజు వేసుకున్న చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. ఇద్దరినీ చూశాను. స్టేజీ మీద నాయకుడు తల దించుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆయన ఏదీ చూడలేదు.

నేను మైకులో అన్నాను: "కడప నుంచి వచ్చి మన స్టేజీ ముందరే తొడగొట్టినాడప్పా. అడిగేటోడు ఎవుడూ లేడా ఈడ?"

జనం లేస్తారు, ఈలలు వేస్తారు, ఆట రంజుగా ముగుస్తుంది అనుకున్నాను. లేచారు. మొదట ఒక నీళ్ల ప్యాకెట్టు వచ్చి పడింది. తర్వాత కుర్చీలు. ఆ పిల్లవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, గోలు కొట్టినందుకు మీదికి వస్తున్నారనుకున్నాడేమో. తర్వాత అతను నాకు కనపడలేదు, చుట్టూ వీపులే, ఆ వీపుల మీద నాయకుడి ఫోటోలే. బావ గ్రౌండంతా పరుగెత్తుకుని వచ్చి ఆ గుంపులో దూరాడు. ఎవరో షామియానా గుంజ పీకారు. నేను దయచేసి కూర్చోండి, దయచేసి కూర్చోండి అని చెబుతూనే ఉన్నాను. మైకు వైరు ఊడిపోయి శానాసేపయిందని తర్వాత పక్కవాడు చెప్పాడు.

బావకు తల మీద కుట్లు పడ్డాయి. బామ్మర్దికి భుజం కీలు తప్పింది. అందరం ఎక్కడివాళ్లం అక్కడికి వెళ్లిపోయాం. గేటు దగ్గర నిర్వాహకుడు నా చేయి పట్టుకుని, బాగా అన్నావు సార్ అన్నాడు. ఇంటికి వచ్చి స్నానం చేశాను. అన్నం తిన్నాను. ఏమైందని నా భార్య అడిగింది. ఆటలో గొడవైందని చెప్పాను. ఆమె పెరుగు వేసింది. నాకు ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. చేయి మొద్దుబారితే గిచ్చినా తెలియదు చూడండి, అలా ఉంది.

మర్నాటికి వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అతను స్టేజీ ముందు తొడగొట్టడం, కుర్చీలు లేవడం. ఎవరో దాని మీద సినిమా పాట వేశారు. ఆ పాట వేయడంతో మైకులో నేనన్న మాట వీడియోలో లేకుండా పోయింది. చూసినవాళ్లంతా ఆ సైగ వల్లే గొడవ జరిగిందన్నారు. పోలీసులూ అదే అన్నారు. రెచ్చగొట్టే సైగ చేసి అల్లరికి కారణమయ్యాడని కేసులో మొదటి పేరు అతనిదే పెట్టారు. స్టేషన్ నుంచి నాకు ఫోన్ చేశారు, స్టేజీని చూసే తొడగొట్టినాడా సార్ అని. అవును సార్ అన్నాను. అంత చిన్న మాటకు అంతకన్నా ఆలోచించలేదు.

కేసు పడింది కాబట్టి కువైట్ కాగితం ఆగిపోయింది. ఆ సంగతి కడప జట్టును పిలిపించినవాళ్లే నాకు చెప్పారు, మాటల్లో మాటగా.

తర్వాత కొన్నాళ్లు కాలేజీకి పోయాను, పాఠం చెప్పాను, వచ్చాను. టీవీలో పరదేశపు మ్యాచులు వస్తే చూసేవాణ్ని. ఒకచోట ఆటగాళ్లు మోకాలి మీద కూర్చున్నారు, ఒకచోట ఒకడు పిడికిలి ఎత్తాడు, ఇంకోచోట సెల్యూట్ కొట్టినందుకు జనం సీట్లు పీకారు. ఆ ఆటగాళ్లకు తాము ఎవరికి ఏం చెబుతున్నారో తెలుసు. దాని మంచిచెడ్డలు వాళ్లవి. మా గ్రౌండులో ఆ పిల్లవాడు తన బావకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందులో రాజకీయం పెట్టింది నేను. ఇది తెలిసి కూడా సోఫాలో కూర్చుని రిమోటు నొక్కుతూ ఉన్నాను.

నాకొక అలవాటుంది. మైకులో మాట్లాడేటప్పుడు ఫోన్ రికార్డింగు పెట్టి బల్ల మీద ఉంచుతాను, తర్వాత విని మురిసిపోవడానికి. ఆ రోజుదీ ఉంది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు విన్నాను. గొంతు బాగుంది. విరుపు కూడా బాగుంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

మొదట కడపకు పోయాను. బస్సు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోతుంది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. అతను పనిచేసే వెల్డింగు షాపు దగ్గర ఆటో దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. బామ్మర్ది చేతికి పట్టీ వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు, పని చేయలేడు కదా. బావ తల మీద కుట్లు వేసిన చోట జుట్టు లేదు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు.

"మీరు మైకులో అనింది నాకు ఇనపడింది సార్," అన్నాడు బామ్మర్ది. "బావ పొద్దున చెప్పినాడు గదా మీకు. మరిసిపోయింటారులే అనుకున్యా."

"మర్చిపోలేదప్పా. గుర్తుండే అన్నా."

అతను నా వైపు చూసి, మళ్లీ తన పట్టీ వైపు చూసుకున్నాడు. బావే మాట్లాడాడు.

"మరిసిపోయినా అని చెప్పింటే బాగుండు సార్. మేము నమ్మేటోళ్లం."

అంతే. తిట్టలేదు. టీ చల్లారిపోయింది, అయినా తాగాను. ఫోన్ తీసి, రికార్డింగు ఉందని, స్టేషన్‌లో ఇస్తానని చెప్పాను. మీ ఇష్టం సార్ అన్నాడు బావ. బస్టాండు దాకా ఎవరూ రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు.

కర్నూలులో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఈ తలనొప్పి ఎందుకు, రాజీ పడితే కేసు దానంతట అదే పోతుంది కదా అన్నాడు. కేసు పోయేదాకా ఆ పిల్లవాడి వీసా గడువు ఆగదని చెప్పాను. ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగు వేశాను. పక్క గదిలోంచి కానిస్టేబుళ్లు వచ్చి నిలబడి విన్నారు. నా మాట దగ్గర ఒకాయన నవ్వబోయి ఆగాడు. పొద్దున ఉగ్గాని బండి దగ్గర విన్నదీ, బావ కూడా తొడగొట్టడం చూసిందీ, ఫోన్‌లో అడిగినప్పుడు అవునని చెప్పిందీ, అన్నీ రాసి సంతకం చేశాను. ఆ రికార్డింగునే వీడియో తిరిగిన గ్రూపుల్లో కూడా పెట్టాను, ఆ గొంతు నాదేనని కింద రాసి. కాలేజీవాళ్లు పిలిచి సంజాయిషీ అడిగారు. ఇచ్చాను.

చార్జిషీటులో ఆ పిల్లవాడి పేరు తీసేశారు. నా పేరు చేర్చారు. ఆలోగా ఆ వీసా గడువు దాటిపోయింది. భుజం నయమయ్యాక ఇంకో వీసాకు తిరుగుతున్నాడని, ఈసారి పోలీసు కాగితం వచ్చిందని బావ మెసేజి పెట్టాడు. ఆ మెసేజిలో ఇంకేమీ లేదు. సంతోషం అని జవాబు రాసి, అది తక్కువనిపించి చెరిపేసి, మళ్లీ అదే రాసి పంపాను.

మైకు మానేశాను. వాయిదా ఉన్న రోజు కాలేజీకి సెలవు పెట్టి కోర్టుకు పోతాను. వరండాలో నిలబడతాను. నా పేరు పిలుస్తారు. ఉన్నాను సార్ అంటాను.