ఎలక పేరుతో చెలామణీ అయిన రొయ్య

చిటికెన వేలంత పచ్చి రొయ్య ఒకటి రెండు కాపురాలను రోడ్డు మీదికి ఈడ్చినంత పని చేసింది. ఒకటి మాది. రెండోది మా ఇంటి ఓనరుగారిది, ఆయనకు సొంతిల్లు ఉండి కూడా. ఎలాగో చెబుతాను. భోంచేస్తూ చదివేవాళ్ళు మాత్రం ముందు చెయ్యి కడుక్కుని రండి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మేం అద్దెకున్నది వయొలిన్ మేష్టారి మేడ మీద వాటా. తరతరాలుగా గుళ్ళో సంగీతసేవ చేసిన కుటుంబం వాళ్ళది. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు. మేమేమో గజపతినగరం పక్క రైతులం, చేప కనిపిస్తే వదలనివాళ్ళం. అందుకే మేష్టారు ముందే చెప్పారు: "బయట మీ ఇష్టం బాబూ. ఇంట్లోకి మాత్రం నీచు తేకండి."

"అబ్బే, దాని వాసన కూడా రానివ్వనండి" అని ఛాతీ విరుచుకుని మాటిచ్చాను.

ఆ తర్వాత ఫోన్లో ఒక వీడియో చూశాను. గాజుతొట్టిలో ఉప్పునీళ్ళు, రంగురంగుల పగడాలు, వాటి మధ్య తెల్లచారల నారింజరంగు చేపలు. చూసి ఊరుకుంటే నేనెందుకవుతాను? తొట్టి కొనేశాను.

మా ఆవిడ గౌరి నా మేనమావ కూతురే, సాలూరు పిల్ల. గొంతు లారీ హారన్ లాంటిది. మనిషి మలుపు తిరక్కముందే మాట వచ్చేస్తుంది.

"ఏటి బావా ఇది? సముద్రం సూడాలంటే బండెక్కితే సరిపోద్ది కదా, ఇంట్లోకెందుకూ?"

"ఇది పగడాల సముద్రం గౌరీ."

"మరి సేపలేవీ?"

"ఇప్పుడే వెయ్యకూడదు. ముందు నీళ్ళు పండాలి."

"నీళ్ళు పండడమేటి, మామిడికాయలా?"

ఆవిడకు చెప్పింది మీకూ చెబుతాను. చేపల మలమూత్రాల్లో అమ్మోనియా ఉంటుంది. అది ఆ చేపలకే విషం. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు తొట్టిలోని రాళ్ళ మీద పెరిగేదాకా చేపను దించకూడదు. అవి పెరగాలంటే ముందుగా వాటికి మేత, అంటే కాస్త అమ్మోనియా, కావాలి. దానికి వీడియోవాడు చెప్పిన ఉపాయం: ఒక పచ్చి రొయ్యను తొట్టిలో వేసి కుళ్ళనివ్వండి. ఈ చివరి ముక్క మాత్రం గౌరికి చెప్పలేదు.

మార్కెట్లో ఒక్కటంటే ఒక్క రొయ్య అడిగాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్కటేటి బాబూ? కూరొండుతావా, ముక్కుపుడక సేయిస్తావా?"

దాన్ని కాగితంలో చుట్టి జేబులో దాచి, కింద పిల్లలు సరళీస్వరాలు వాయిస్తుండగా పిల్లిలా మెట్లెక్కి, తొట్టిలో రాయి వెనక్కి జారవిడిచాను.

కొన్నాళ్ళు ఏమీ లేదు. తర్వాత వాసన వచ్చింది. వచ్చిందంటే అలా వచ్చి ఇలా పోయేది కాదు, పెట్టేబేడాతో దిగిపోయిన చుట్టంలా వచ్చింది.

"ఏటి బావా ఈ కంపు?" అంది గౌరి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఎలక సచ్చినట్టున్నాది" అన్నాను. నా నోట్లోంచి అంత చులాగ్గా అబద్ధం రావడం చూసి నేనే ముచ్చటపడ్డాను.

ఆ ఎలక నా నోట్లోంచి జారి మెట్లు దిగి మేష్టారి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆయన అటక మీది సామానంతా దింపించారు. తాతల నాటి తంబురా కూడా దిగింది. నిచ్చెన పట్టుకున్నది ఎవరనుకున్నారు? నేనే. "కాలేజీలో అరిచి అరిచి వచ్చి కూడా ఎంత సాయం చేస్తున్నాడో" అని మేష్టారి భార్య పిన్నిగారు నాకు రెండోసారి కాఫీ ఇచ్చారు. అదీ తాగేశాను. వయొలిన్ పిల్లలు ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని దొంగల ముఠాలా కూర్చుని మాయామాళవగౌళ వాయించేవారు.

చివరికి మేష్టారే పైకొచ్చి చేతులు పట్టుకున్నారు. "మా ఇల్లు పాతది నాయనా. కొత్త దంపతులు, ఈ కంపులో ఎలా ఉంటున్నారో! కింద మా గదిలో పడుకోండి. మేం హాల్లో సర్దుకుంటాం."

అప్పుడైనా చెప్పాలా? చెప్పలేదు. "పరవాలేదండి, అలవాటైపోయింది" అన్నాను.

మర్నాడు ఆయన తాపీమేస్త్రిని తీసుకొచ్చారు. ఇల్లంతా వాసన చూసి, ఎలక గోడలోనే చచ్చిందని తేల్చారు. ఏ గోడ? తొట్టి వెనక గోడ.

"గోడ పగలగొట్టాలి. ఈ నీళ్ళు తోడేసి తొట్టి జరపండి" అన్నారు మేష్టారు. మేస్త్రి సుత్తి ఎత్తాడు.

"ఆగండి!" అని తొట్టిని కావలించుకున్నాను. "గోడలో ఎలక లేదండి. తొట్టిలో రొయ్య ఉందండి."

మేష్టారు కళ్ళజోడు సవరించుకుని తొంగిచూశారు. "బతికుందా?"

"లేదండి. కుళ్ళిపోయిందండి."

"అయ్యో, చూసుకోలేదా?"

"రోజూ చూసుకుంటున్నానండి. నేనే కుళ్ళబెడుతున్నాను."

మేస్త్రి నెమ్మదిగా సుత్తి దించి, పిచ్చివాడికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాడు.

"ఆ తంబురా దింపిన నాడైనా సెప్పొచ్చు కదేటి బావా!" అని గౌరి హారన్ మోగించింది. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

సూక్ష్మజీవుల కథంతా చెప్పాను. అపస్వరం వింటున్నట్టు మేష్టారు కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "కాలేజీలో నువ్వు చెప్పేదేమిటి నాయనా?"

"కెమిస్ట్రీ అండి."

"మరి అమ్మోనియాకి రొయ్య తప్ప వేరే దారి లేదా?"

అప్పుడు వెలిగింది. మా ల్యాబులో నా తలకు ఎదురుగా ఉండే అలమరలో అమ్మోనియం క్లోరైడ్ సీసా ఉంది. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసాగరమే అది. అలాంటి పొడి బజార్లో కొని చిటికెడు వేస్తే సరిపోయేది. కంపు ఉండదు, ఎలకా ఉండదు.

"ఉందండి" అన్నాను.

ఇల్లు ఖాళీ చెయ్యమంటారనుకున్నాను. ఆయన మాత్రం, "ముందు దాన్ని తీసెయ్. తర్వాత అటక సామానంతా నువ్వే ఎక్కించు. తంబురా జాగ్రత్త" అని దిగిపోయారు. రెండూ చేశాను. భుజాలు వారం పాటు నొప్పెట్టాయి.

పొడి వేసి, నీళ్ళు పరీక్ష చేసుకుంటూ ఓపిక పట్టాను. నీళ్ళు పండాయి. విశాఖపట్నం నుంచి రెండు చారల చేపలు తెచ్చాను. మేష్టారూ, పిన్నిగారూ చూడ్డానికి పైకొచ్చారు.

పిన్నిగారు మురిసిపోయారు. "ఎంత ముద్దుగా ఉన్నాయో! వీటికి మేత ఏం పెడతారమ్మా?"

మా ఫ్రిజ్జు పైఅరలో గడ్డకట్టి ఉన్న డబ్బా నిండా మేతే. మేతంటే బియ్యపుగింజంత రొయ్యలు. నిజమే చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో నాకు రోజూ సత్యం గురించి క్లాసు పీకుతున్న గౌరి నా కాలు గట్టిగా తొక్కి, చిరునవ్వుతో అంది:

"అటుకులండి."

ఆ క్షణమే, ఫ్రిజ్జు మీద చెయ్యి వేసి, మనసులో ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ రొయ్యనీ ఎలక అనను. అవసరం పడితే అటుకులే అంటాను.