లస్మయ్య రాసిన సున్నాలు

సూరత్‌లో, కోసాడ్ క్వార్టర్లలో లస్మయ్యది రెండో అంతస్తు, నాది మూడోది. ముప్ఫై ఏళ్లు ఒకే కార్ఖానాలో పక్కపక్కనే సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాం. ఆ మోతలో మాట వినబడదు, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. ఆ అలవాటు కొద్దీ ఇళ్లలోనూ అరిచే మాట్లాడతాం. మా ఇళ్లకు కొత్తగా ఎవరైనా వస్తే కొట్లాట జరుగుతోందనుకుంటారు.

కార్ఖానా మూతపడ్డాక లస్మయ్యకు సముద్రం దగ్గరి మడ అడవిలో కాపలా పని దొరికింది. నన్నూ రమ్మన్నాడు. ఉప్పు బురదలో కాళ్లీడ్చే పని నాకెందుకని వెళ్లలేదు. కట్టెలు కొట్టేవాళ్లను ఆపాలి, ఎండిన చెట్లను లెక్కపెట్టాలి. వాడు బట్టలో తప్పు వెతికినట్టే ఒక్కో ఆకునూ వెలుగుకు పట్టి చూసేవాడట. వారానికోసారి నాలుగు గుర్తు రాళ్ల దగ్గర పదేసి నిమిషాలు కూర్చుని, ఎన్ని పిట్టలు కూశాయో రిజిస్టర్లో రాయాలి. గుబురులో పిట్ట కంటికి ఆనదు, వినే లెక్కపెట్టాలి. పిట్టలు తగ్గాయంటే అడవికి జబ్బు చేసినట్టు.

లస్మయ్య రెండేళ్లపాటు ప్రతివారం సున్నాలే రాశాడు. దొంగలెక్క రాయడం వాడికి చేతకాదు.

ఆ సున్నాలు చూసి ఆఫీసువాళ్లు అడవి పని అయిపోయిందని తేల్చారు. వచ్చే నెల నుంచి కాపలా తీసేస్తామన్నారు. కాపలా లేకపోతే నెలలో గొడ్డళ్లు దిగుతాయి. చివరిసారి చూసిపోదామని ఫారెస్టు గార్డు జిగ్నాబెన్ వచ్చి, మూడో రాయి దగ్గర వాడి పక్కన కూర్చుంది. కూర్చున్నంతసేపూ ఒక్కొక్క వేలే మడుస్తోంది. ఏం లెక్కపెడుతున్నావని లస్మయ్య అడిగాడు.

పిట్టల్ని, అని ఆమె పెదవులు కదిలాయి. పదకొండు.

ఆ సాయంత్రం వాడు ఈ మాట చెబితే నాకు ఒళ్లు మండింది.

“రెండేండ్లు ఏమనుకున్నవ్‌రా? చెవులు పోయినయని గింత కూడ ఎర్కలేదా?”

“అడవంటే గిట్లనే సప్పుడు లేకుంట ఉంటదనుకున్న. కార్ఖానల ముప్పై ఏండ్లు గదే కోరుకున్న గద.”

“చిన్నప్పుడు పిట్టలను ఇనలేదా?”

“అవి మనూరి పిట్టలు. ఈడ ఉప్పు బురదల ఏం కూస్తది తియ్యి అనుకున్న.”

వాడి మొహంలో బాధ లేదు, సిగ్గూ లేదు. ఖాళీ సాంచాలా ఉంది. నాకు భయమేసింది.

జిగ్నాబెన్ మంచిది. ఇకనుంచి నేనొచ్చి వింటాను, నువ్వు రాయి, ఎవరికీ చెప్పను అందట. కానీ పాత సున్నాలు అలాగే ఉంటే కాపలా పోతుంది. మర్నాడు లస్మయ్య రిజిస్టరు తెరిచి తెలుగులో రాశాడు: “పిట్టలున్నయి. నాకే చెవులు లేవు. పాత సున్నాలు కొట్టెయ్యున్రి.” దాని కిందే ఆమె అదే మాట గుజరాతీలో రాసింది. కాపలా నిలిచింది, కాపలాదారు మారాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చాలామందిని చూశాను. మద్దెల బాగానే ఉందని చెప్పి లేచి వచ్చినవాణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశాను.

వాడి భార్య లింగవ్వ వేరే కార్ఖానాలో దారం చుట్టే పనికి పోతోంది. వాడు రోజంతా వరండాలో కూర్చుంటున్నాడు. పిలిస్తే తిరగడు, భుజం తట్టాలి.

నిన్న జిగ్నాబెన్ వాడి ఫోనుకు ఏదో పంపింది. మూడో రాయి దగ్గరి కూతలట, రికార్డు చేసి పంపింది. లస్మయ్య ఫోను నాకిచ్చాడు.

“నువ్వు ఇని చెప్పు. ఎట్ల కూస్తున్నయి?”

చెవికి ఆనించుకున్నాను. సౌండు చివరిదాకా పెంచాను. తెర మీద గీత పైకీ కిందకీ ఎగురుతోంది. రెండో చెవికి మార్చాను. ఏమీ వినబడలేదు.

వాడు నా పెదవుల వంకే చూస్తున్నాడు.

“మంచిగ కూస్తున్నయిరా,” అన్నాను.